మేస్త్రీ చేతిలో వీసా

పోయిన సంక్రాంతికి బత్తలపల్లి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. వాట్సాప్‌లో తిరుగుతోందట. పచ్చటి పొలం, ఎర్ర ట్రాక్టరు, మూలన అమెరికా జెండా, కింద తెలుగులో పెద్ద అక్షరాలు: వ్యవసాయ పనులకు అమెరికా వీసా, చదువు అవసరం లేదు, ఉచిత వసతి.

"నువ్వు ఆడ ఇన్నేండ్లు ఉంటివి కదా మామా, ఈ వీసా నిజమేనా?" అన్నాడు.

"వీసా నిజమేరా. ఏజెంటు సంగతే తెలీదు. ఎంత అడుగుతున్నాడు?"

"మొత్తం ఎనిమిది లక్షలు. ముందు ఇరవై వేలు కడితే ఫైలు కదుపుతాడంట. ఆర్నెల్లు పని, మళ్ళీ వచ్చేస్తా. సీజనే కదా."

మా అక్క వాళ్ళకి ఉన్నది మూడెకరాల మెట్ట. శనక్కాయ వేస్తారు. మా వైపు ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అది కూడా మనకి కావలసినప్పుడు కురవదు. పదను దొరికితే కాయ, లేకపోతే గొడ్లకి కట్టె. అందుకని మా ఊళ్ళ నుంచి బెంగుళూరు బిల్డింగు పనులకి పోతారు, కదిరి వైపు నుంచి కువైట్ పోతారు. ఇప్పుడు అమెరికా పొలాల వంతు వచ్చినట్టుంది. వాడు అన్న "సీజనే కదా" అనే మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ మాట చరిత్ర చాలా పెద్దది, అందులో మన తెలుగువాళ్ళ వాటా కూడా తక్కువేం కాదు. ఈ టపా దాని గురించే.

ముందు ఆ వీసా సంగతి. దాని పేరు హెచ్-2ఏ. మనలో చాలామంది హెచ్-1బి మీద వెళ్ళినవాళ్ళమే గానీ, ఆ "హెచ్" ఎక్కడిదని ఎప్పుడూ అడగలేదు. నేనూ చాన్నాళ్ళు అడగలేదు, ఏదో పొడి అక్షరం అనుకున్నాను. పొడీ లేదు గిడీ లేదు. 1952 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్‌ని, ప్రెసిడెంట్ ట్రూమన్ వీటోని కాదని మరీ, పాస్ చేసింది. అందులో 101వ సెక్షన్లో, స్థిరపడటానికి కాకుండా వచ్చే విదేశీయుల జాబితా ఒకటుంది. ఏ అంటే రాయబారులు, బి అంటే వచ్చిపోయేవాళ్ళు, ఎఫ్ అంటే స్టూడెంట్లు. ఆ వరసలో ఎనిమిదోది హెచ్, తాత్కాలిక పనివాళ్ళు. అంతే.

ఆ హెచ్ కింద మూడు రకాలు. ఒకటి, విశేషమైన ప్రతిభ ఉన్నవాళ్ళు. రెండు, అమెరికాలో మనుషులు దొరకని మామూలు పనులకి వచ్చేవాళ్ళు. మూడు, ట్రైనీలు. రెండోదాన్ని 1986లో చీల్చి పొలం పనులకి హెచ్-2ఏ, మిగతా పనులకి హెచ్-2బి అన్నారు. ఒకటోదాన్నే 1990లో మార్చి మన హెచ్-1బి చేశారు. అంటే టమోటాలు తెంపేవాడూ, జావా కోడు రాసేవాడూ ఒకే పేరాలో పక్కపక్కన పుట్టారన్నమాట.

1952 చట్టంలో ఈ హెచ్ వాళ్ళందరికీ ఒక షరతు ఉండేది. నీకు నీ దేశంలో ఒక ఇల్లు ఉండాలి, దాన్ని వదిలేసే ఉద్దేశం నీకు ఉండకూడదు. 1990లో హెచ్-1బి వాళ్ళకి ఈ షరతు తీసేశారు. మనం హాయిగా హెచ్-1బి మీద ఉంటూనే గ్రీన్ కార్డుకి అప్లై చేసుకున్నది అందువల్లే. హెచ్-2ఏ వాడికి ఆ షరతు తియ్యలేదు. పదేళ్ళ పాటు ఏటా అదే తోటకి వచ్చినా సరే, ప్రతిసారీ నేను ఇక్కడ ఉండిపోను అనే చెప్పాలి.

రెండు రకాలకీ ఉమ్మడిగా మిగిలింది ఇంకొకటి ఉంది. వీసా మనిషి పేరు మీద ఉంటుంది గానీ, దాని వెనక పిటిషన్ యజమానిది. అది ఎలా ఉంటుందో నేను 1999లో రుచి చూశాను. నన్ను తీసుకెళ్ళిన కన్సల్టెన్సీ (పేరెందుకు లెండి, ఇప్పుడు లేదు కూడా) రెండు నెలలు బెంచ్ మీద కూర్చోబెట్టి పైసా ఇవ్వలేదు. చట్టప్రకారం ఇవ్వాలి. అడిగితే "నీ పేపర్లు మా దగ్గర ఉన్నాయి" అన్నారు. కొత్త కంపెనీకి మారాలంటే, కొత్త పిటిషన్ అప్రూవ్ అయ్యేదాకా అక్కడ చేరకూడదు. ఫైలు చెయ్యగానే చేరొచ్చు అనే వెసులుబాటు 2000 అక్టోబరులో కొత్త చట్టంతో వచ్చింది. అప్పుడు మా అపార్ట్‌మెంట్లో ఉన్న కాకినాడ మిత్రుడు ఒకతను అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇదంతా మా తాతల నాటి రంగం మేస్త్రీ లెక్కలా ఉందండీ."

నాకు అర్థం కాలేదు. రాయలసీమ వాణ్ణి, రంగం అంటే తెలీదు. రంగం అంటే రంగూన్. బర్మా.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, ఆయన అన్నది సరదాకి కాదని.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. కొన్ని దశాబ్దాల్లో బర్మా ప్రపంచంలోనే అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశం అయ్యింది. భూమి ఉంది, వాన ఉంది, చెట్టియార్ల అప్పు ఉంది. కోతల టైముకి చేతులు లేవు. ఆ చేతులు బంగాళాఖాతం దాటి మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళాయి. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీముని పట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి, డెక్కు మీద పడుకుని, కొన్ని రోజుల్లో రంగూన్‌లో దిగేవాళ్ళు. డిసెంబరు, జనవరిల్లో డెల్టాలో కోతలు. అవి కాగానే రంగూన్ మిల్లుల్లో వడ్లు దంపే సీజను, రేవులో బస్తాల మోత. ఎండలు ముదిరాక కొందరు ఇంటికి. కొందరు రెండు మూడేళ్ళు ఉండి, అప్పు తీరాక ఇంటికి. బర్మాలో వీళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. ఒక చిన్న రేవు పేరు ఒక జాతి మొత్తానికి, అదీ తిట్టులాగా, అతుక్కుపోయింది.

మారిషస్, నాటాల్, ఫిజీ వెళ్ళినవాళ్ళకి ఐదేళ్ళ గిర్మిట్ ఉండేది, అంటే అగ్రిమెంట్. బర్మాకి అలాంటి కాగితం లేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. వీసా లేదు, పాస్‌పోర్టు లేదు. ఇవాళ మా బత్తలపల్లి వాళ్ళు బెంగుళూరు పోయినట్టే. మరి కాగితం లేకుండా కూలీని పట్టి ఉంచేది ఎవరు? మేస్త్రీ.

మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఓడ ఛార్జీ, ఇంటికి కొంత. దానికి నోటు రాయించుకుంటాడు. రంగూన్‌లో మిల్లు యజమాని కూలి డబ్బు కూలీకి ఇవ్వడు, పై కాంట్రాక్టరుకి ఇస్తాడు. అక్కణ్ణుంచి హెడ్ మేస్త్రీ, ఛార్జి మేస్త్రీ, గ్యాంగు మేస్త్రీ. తలకి ఇంత అని ఒక్కొక్కరూ కోసుకోగా మిగిలింది కూలీకి, అందులోంచి అడ్వాన్సు బాకీ జమ. ఇప్పుడు దీన్ని మన భాషలో చదవండి: ఎండ్ క్లయింటు, ప్రైమ్ వెండరు, సబ్ వెండరు, ఎంప్లాయరు. గంటకి ఇంత అని ఒక్కో మెట్టు దగ్గరా కోత. మా కాకినాడ మిత్రుడి తాతగారు ఈ ఇన్వాయిస్ చూస్తే ఏమీ వివరించక్కర్లేదు :)

పోలిక మరీ లాగకూడదు, ఒప్పుకుంటాను. నేను బెంచ్ మీద కూర్చున్నది ఏసీ గదిలో, వాళ్ళు పడుకున్నది రంగూన్ లాడ్జింగుల్లో, ఒక గదిలో షిఫ్టుల ప్రకారం. కానీ బాకీ ఎలా పని చేస్తుందో చూడండి. వెళ్ళడానికి అప్పు చేస్తే, ఆ అప్పు ఎవరికి ఉందో వాడి మాటే చట్టం.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైనే. రంగూన్ జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి పైగా మనవాళ్ళే. తెలుగువాళ్ళు మొత్తం లక్షన్నర పైచిలుకు, వాళ్ళలో ఆడవాళ్ళు చాలా కొద్దిమంది. అది అనుకోకుండా జరిగింది కాదు. మేస్త్రీకి కావలసింది బస్తా మోసే భుజం, సంసారం కాదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. స్టీమర్ కంపెనీల వాళ్ళు బర్మా కూలీలని తెచ్చి పని చేయించారు. సమ్మె తీరాక, బర్మా వాళ్ళని పొమ్మని మళ్ళీ మనవాళ్ళని పెట్టుకున్నారు. మే 26న ఎగతాళి మాటలతో మొదలైన గొడవ రోజుల తరబడి ఊచకోత అయ్యింది. వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలు. తక్కువ కూలికి వచ్చినవాడి మీద స్థానికుడికి కోపం, ఇద్దర్నీ మార్చి మార్చి వాడుకున్నవాడి మీద ఎవరికీ లేదు. ఈ కథ మీకు అమెరికా న్యూస్ ఛానళ్ళలో కూడా వినబడి ఉంటుంది.

1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. అదే ఓడ, అదే రేవు, అదే మేస్త్రీ, కానీ రాత్రికి రాత్రి అది విదేశం. 1938లో మళ్ళీ అల్లర్లు. తర్వాత జేమ్స్ బాక్స్టర్ అనే ఆర్థిక అధికారి చేత విచారణ చేయించి, 1941 జూలైలో ఇండో-బర్మా ఒప్పందం ప్రకటించారు. వీసా గానీ పర్మిట్ గానీ లేకుండా రావడానికి లేదు. 'ఏ' పర్మిట్ ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, 'బి' పర్మిట్ వాళ్ళు గడువు దాకానే. కూలీలకి ఏది ఉద్దేశించారో చెప్పక్కర్లేదు. గాంధీజీ ఈ ఒప్పందాన్ని గట్టిగా వ్యతిరేకించారు. తెలుగు కూలీకి "గడువు వీసా" అనే మాట హెచ్ వీసాలకి పదకొండేళ్ళ ముందే వచ్చేసింది.

ఆ పర్మిట్లు పాతబడక ముందే డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవులో పనిచేస్తున్నవాళ్ళు చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు కాలినడకన ప్రోమ్ వైపు పరిగెత్తారు. అప్పుడు ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? రేవు పని ఆగిపోతుందని నచ్చచెప్పి, భయపెట్టి, వాళ్ళని వెనక్కి తీసుకొచ్చింది. మగ కూలీలు డెక్కు టిక్కెట్టు మీద ఓడెక్కడం మీద ఆంక్షలు పెట్టింది. మొన్నటిదాకా వీళ్ళు తాత్కాలికం, పని అవగానే పోవాలి అన్నారు. పోదామంటే వద్దన్నారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో మింగుడు పడనిది ఇదే. తర్వాత ఎవరూ ఆపలేని స్థితి వచ్చాక అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నాలుగైదు లక్షల మంది నడిచి వచ్చారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేల మంది రాలిపోయారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు మీరు విని ఉంటారు. 1962లో నే విన్ వచ్చి షాపులతో సహా అన్నీ జాతీయం చేశాక వచ్చిన రెండో విడత వాళ్ళు కూడా అలాంటి కాలనీల్లోనే తేలారు.

గిర్మిట్ దేశాల సంగతి ఒక్క ముక్క. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ మొదటి కూలీలని డర్బన్‌లో దించింది, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఐదేళ్ళు అయ్యాక చాలామంది తిరిగి రాలేదు, కూరగాయలు పండించి అమ్ముకుంటూ ఉండిపోయారు. దాంతో నాటాల్ ప్రభుత్వం 1895లో చట్టం చేసి, కొత్తగా వచ్చే కూలీలు గడువు తీరాక ఇంటికి పోకుండా, మళ్ళీ గిర్మిట్ రాయకుండా ఉంటే ఏటా 3 పౌన్లు పన్ను అంది. మొదటి ఏడాది నెల కూలి 10 షిల్లింగులు. అంటే పన్ను ఆరు నెలల కూలి. గాంధీ 1913లో గని కార్మికులతో, తోట కూలీలతో చేయించిన సమ్మె ఈ పన్ను మీదే. 1914లో రద్దయ్యింది. మనిషి తనంతట తాను "సీజనే కదా" అని వెళ్ళిపోతే ఈ పన్ను అవసరమే ఉండేది కాదు.

సరే, అమెరికా. మనవాళ్ళు మణిపూర్ కొండల్లో నడిచిన 1942లోనే, అదే యుద్ధం వల్ల, అమెరికా పొలాల్లో మనుషులు కరువయ్యారు. ఆగస్టు 4న మెక్సికోతో ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు చివరికల్లా మొదటి బ్యాచ్ కాలిఫోర్నియా చక్కెర దుంపల పొలాలకి చేరింది. వీళ్ళని బ్రాసెరోలు అన్నారు. స్పానిష్‌లో బ్రాసో అంటే చెయ్యి. చూశారా, అక్కడా చేతులే. యుద్ధం కోసం మొదలెట్టింది యుద్ధం అయిపోయాక ఇంకో పంతొమ్మిదేళ్ళు నడిచి, 1964 డిసెంబరు 31న ఆగింది. ఈలోపు దాదాపు 46 లక్షల కాంట్రాక్టులు రాశారు.

కాగితం మీద బ్రాసెరో ఒప్పందం బర్మా మేస్త్రీ కంటే ఎంతో మెరుగు. కనీస కూలి, ఉచిత వసతి, రానూపోనూ ఖర్చు, రెండు ప్రభుత్వాల సంతకాలు. సరిహద్దులో మాత్రం గుడ్డలు విప్పించి పురుగుమందు పొడి కొట్టేవారు. పొలంలో పొట్టి పిడి ఉన్న పార ఇచ్చేవారు, రోజంతా నడుం వంచే ఉండాలి. ఆ పారని కాలిఫోర్నియాలో 1975లో నిషేధించారు. (మా వైపు కలుపు తీసే తొలిక కూడా పొట్టిదే, దాన్ని ఎవరూ నిషేధించలేదు.) 1963 సెప్టెంబరు 17న చువలార్ అనే ఊరి దగ్గర, కూలీలని ఎక్కించిన ట్రక్కుని రైలు గుద్దింది. 32 మంది పోయారు. అది బస్సు కాదు, సరుకు ట్రక్కుకి బెంచీలు బిగించింది.

నేను చెప్పాలనుకున్నది మాత్రం పది శాతం సంగతి. తొలి ఏళ్ళలో ప్రతి బ్రాసెరో కూలిలో పది శాతం పట్టుకుని, మెక్సికో బ్యాంకులో పొదుపు పేరుతో వేశారు. ఇంటికి వెళ్తేనే ఆ డబ్బు. మేస్త్రీ బాకీ మనిషిని అక్కడ కట్టేస్తే, ఈ పొదుపు మనిషిని వెనక్కి లాగాలని. ఇంటికి వెళ్ళినవాళ్ళు అడిగితే చాలామందికి డబ్బు లేదన్నారు. 2001లో అమెరికా కోర్టుల్లో కేసు పడింది. 2005లో మెక్సికో ప్రభుత్వం మనిషికి 38,000 పెసోలు ఇస్తామని ఒప్పుకుంది. అప్పటికి బతికున్నవాళ్ళకి ఎనభై ఏళ్ళు. అరవై ఏళ్ళ కిందటి కాంట్రాక్టు కాగితం తెమ్మన్నారు. మన ఇంట్లో మూడేళ్ళ కిందటి పే స్టబ్బే దొరకదు!

బ్రాసెరోలు ఆగిపోతే ఏమైంది? అమెరికా కూలీల కూలి పెరుగుతుందని చాలామంది ఆశపడ్డారు. మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హనా పోస్టెల్ అనే ఆర్థికవేత్తలు 2018లో పాత లెక్కలన్నీ తీసి చూస్తే, అలా పెరిగిన ఆనవాలు కనబడలేదు. రైతులు యంత్రాలకి మారారు, లేదా ఆ పంటే మానేశారు. టమోటా కథ మన ఇంజనీర్లకి నచ్చుతుంది. డేవిస్ యూనివర్సిటీలో జాక్ హానా, కోబీ లోరెంజెన్ ఇద్దరూ కలిసి, ఒకరు యంత్రానికి నలగని టమోటాని, ఇంకొకరు ఆ టమోటాకి సరిపోయే యంత్రాన్ని తయారు చేశారు. ఏళ్ళ తరబడి ఆ యంత్రాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు, చేతులు చవగ్గా దొరుకుతున్నాయి కాబట్టి. 1964 తర్వాత ఐదారేళ్ళలో, ఫ్యాక్టరీలకి వెళ్ళే కాలిఫోర్నియా టమోటా దాదాపు మొత్తం యంత్రమే కోసింది.

యంత్రానికి లొంగని పంటలు మిగిలాయి. స్ట్రాబెర్రీ, పాలకూర, ఆపిల్, పొగాకు. ఆ ఖాళీలోకి హెచ్-2ఏ పెరిగింది. 2005లో అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ సర్టిఫై చేసిన ఉద్యోగాలు 48 వేలు. 2023లో 3 లక్షల 78 వేలు. మన హెచ్-1బిలాగా దీనికి ఏటా ఇన్ని అనే పరిమితి లేదు, లాటరీ లేదు. వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది పైగా మెక్సికో వాళ్ళే. ఇల్లు యజమానే ఉచితంగా ఇవ్వాలి, చెప్పిన గంటల్లో మూడొంతులకైనా పని గ్యారంటీ ఇవ్వాలి, దారి ఖర్చులు పెట్టుకోవాలి. ఈ షరతుల్లో సగం బ్రాసెరోల అనుభవంలోంచి వచ్చినవే. అన్నిటికంటే ముఖ్యమైనది, వీసా ఇప్పించినందుకు కూలీ దగ్గర ఎవరూ, యజమాని గానీ ఏజెంటు గానీ, ఒక్క రూపాయి తీసుకోకూడదు.

తీసుకోరా అంటే, తీసుకుంటారు. 2021 నవంబరులో జార్జియాలో 24 మంది మీద పెట్టిన ఫెడరల్ కేసు బయటికొచ్చింది. కూలీల దగ్గర అడ్డగోలుగా ఫీజులు గుంజి, పాస్‌పోర్టులు లాక్కుని, ఉల్లిగడ్డలు ఉత్త చేతులతో తవ్వించారని, తుపాకీ చూపించి బెదిరించారని ఆరోపణ. వాళ్ళు పారిపోతే వీసా పోతుంది, ఉంటే అప్పు తీరదు. రంగూన్ కూలీ ఈ లెక్కని నిద్రలో కూడా చెప్పగలడు.

మా బత్తలపల్లికే ఒక వీసా కథ ఉంది, సందర్భం వచ్చింది కాబట్టి చెప్తాను. అక్కడి ఆర్.డి.టి. ఆసుపత్రి పేరు వినని అనంతపురం వాడు ఉండడు. దాన్ని కట్టిన సంస్థ మనిషి విన్సెంట్ ఫెర్రర్, స్పెయిన్ ఆయన. 1968లో మహారాష్ట్రలో పనిచేస్తుండగా దేశం వదిలి పొమ్మన్నారు. వేల మంది రైతులు ఆయన కోసం ఊరేగింపు తీశారు. ఇందిరాగాంధీ కల్పించుకున్నారు, 1969లో తిరిగి వచ్చి అనంతపురంలో దిగాడు. 2009లో పోయాక బత్తలపల్లిలోనే సమాధి చేశారు. సంక్రాంతికి మా వాడితో ఈ కబుర్లన్నీ చెప్పింది ఆ ఆసుపత్రి ముందు టీ బంకు దగ్గరే.

వాడు ఓపిగ్గా విన్నాడు. చివర్న "అయితే మామా, వీసా నిజమే అంటావు" అన్నాడు. వాడి తప్పు లేదు. 1999లో నాకు ఎవరైనా ఇంత చరిత్ర చెప్పి ఉంటే నేనూ విమానం ఎక్కడం మానేసేవాణ్ణి కాదు.

అందుకని చరిత్ర పక్కనబెట్టి ఒక్క పని చెప్పాను. "ఆ తోట యజమాని పేరు, ఊరు, గంటకి ఎంత కూలి, ఇవి కాగితం మీద రాసి ఇమ్మను. నిజమైన హెచ్-2ఏకి ఇవన్నీ ముందే ఉండి తీరతాయి. రాసిస్తే నాకు పంపు, నేను వెతుకుతా. అప్పటిదాకా పైసా ఇవ్వొద్దు."

వాడు తల గోక్కున్నాడు. ఇరవై వేలూ అప్పటికే ఇచ్చేశాడట, మా అక్క గాజులు కుదువ పెట్టి.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. మూడుసార్లు అడిగాడట. మొదటిసారి "కంపెనీ సీక్రెట్" అన్నాడు, రెండోసారి "ఎంబసీ వాళ్ళు చెప్తారు" అన్నాడు, మూడోసారి "నీకు నమ్మకం లేకపోతే వెనకాల యాభై మంది ఉన్నారు" అన్నాడట. ఇరవై వేలు ఇంకా రాలేదు. గాజుల వడ్డీ ఈ నెల నేను కట్టాను.